తుంటి ఎముక

"ఎలా పడ్డావమ్మా?" అని డాక్టరమ్మ అడిగింది సూసన్ననే. జవాబు మాత్రం ఆమె భర్త, రైల్వే గార్డు విల్‌ఫ్రెడ్ చెప్పాడు.

"నీళ్ల గదిలో జారిపోనాది. కళ్లు నెత్తిమీద ఎట్టుకుని నడుస్తాది."

తుంటి ఎముక విరిగిందనీ, ఆపరేషన్ చేయకపోతే ఇక మంచమేననీ డాక్టరమ్మ చెప్పింది. ఈ మధ్య వాళ్లుండే రైల్వే ట్రాఫిక్ కాలనీ నుంచి ఇలాంటి కేసులు ఎక్కువయ్యాయని కూడా అంది.

ఉతికి, ఆవిరి పట్టి మళ్లీ వాడే ఆపరేషన్ గుడ్డలను చూసి విల్‌ఫ్రెడ్ మూతి తిప్పాడు.

"పాత గుడ్డలేటి? పోన్లే, దీనికివే ఎక్కువ," అంటూ ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టాడు.

కొన్ని వారాలకు, ఎవరో వాడి ఇచ్చేసిన వాకర్ పట్టుకుని సూసన్న నడవసాగింది. ఇంటికి పంపే రోజు వచ్చింది.

"ముసలి నత్త," అని నవ్వి, విల్‌ఫ్రెడ్ రిక్షా పిలవడానికి బయటికి వెళ్లాడు.

సూసన్న డాక్టరమ్మ గదిలోకి నడిచింది.

"నేను జారలేదమ్మా. ఆయనే తోసీసినాడు."

డాక్టరమ్మ నివ్వెరపోయింది. "మరి ఆ రోజే చెప్పలేదేం?"

"సెప్తే ఆపరేషన్‌కి సంతకం ఎట్టేవోడేటి? ఇప్పుడు నా కాళ్లమీద మా అక్క ఇంటికి ఎల్లిపోతాను. ఆ మొగం ఇంక సూడను. ఎనకేపు తలుపుందా అమ్మా?"