మూడు లీటర్లు

"రోజూ మూడు లీటర్ల నీళ్లు తాగుతుంటే మూత్రంలో మళ్లీ ఇన్ఫెక్షన్ ఎందుకొచ్చింది?" అంది డాక్టరమ్మ.

"సీసాలు నేనే నింపుతున్నానమ్మా. చుక్క మిగల్చరు," అన్నాను. మా ఆయన నేలచూపులు చూశారు.

ఇంటికొచ్చి చూస్తే కిటికీలో మనీప్లాంట్ కుళ్లి కంపు కొడుతోంది. కుండీ నిండా నీళ్లు.

"అన్నీ దీనికి పోస్తున్నారా?" అని అగ్గిమీద గుగ్గిలమయ్యాను.

"తాగిన ప్రతిసారీ ట్యూబు పెట్టుకుని మూత్రం తీసుకోవాలి కదే. లోపల నిప్పు పెట్టినట్టు మండుతోంది."

మధ్యాహ్నం బాత్రూం తలుపు వెనక ఆయన పళ్లబిగువున మూలగడం విన్నాను.

బయటికి రాగానే గ్లాసు అందించాను. రెండు గుక్కలు తాగి నా మొహంకేసి చూశారు.

గ్లాసు తీసుకుని, మిగతా నీళ్లు నేనే ఆ చచ్చిన మొక్కకు పోసి వచ్చాను.