పాడుబావి మీది గూళ్లు

అడవిలో ఒక కుర్ర గిజిగాడు గూడు అల్లడం నేర్చుకుంటున్నాడు. ముడి ఆరుసార్లు ఊడిపోయేసరికి విసుగొచ్చి, వడ్రంగిపిట్ట దగ్గర చెట్టు తొలిచే పని నేర్చుకుందామని బయల్దేరాడు. దారిలో పాడుబావి మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా సగం అల్లిన గూళ్లు కనిపించాయి. గాలి లేకున్నా అవి ఊగుతున్నాయి.

"ఎవరివి ఇవన్నీ?" అని అడిగాడు.

"నావే నాయనా," అంది ఒక గూట్లోంచి ముసలి గొంతు. "ముడి కుదరక తొలిచే పనికెళ్లాను. అదీ విసుగొచ్చి మళ్లీ అల్లికకొచ్చాను. ఏదీ పూర్తికాకుండానే తుఫానుకు చచ్చిపోయాను."

గిజిగాడు తొంగి చూస్తే లోపల ఎండిన ఈకలు తప్ప ఎవరూ లేరు.

వెనక్కి ఎగిరిపోయి మళ్లీ గూడు అల్లడానికి కూర్చున్నాడు. ఏడోసారీ ముడి ఊడింది. ఎనిమిదోసారి నిలిచింది. వానలనాటికి గూడు పూర్తయింది.

తొలి వాన కురుస్తుంటే వాకిట్లో అదే గొంతు వినిపించింది. "లోపలికి రానా నాయనా? ఎన్నేళ్లుగానో తడుస్తున్నాను."

గిజిగాడు వణుకుతూనే పక్కకు జరిగి చోటిచ్చాడు.