ఆకాశంలో గేలం ముడి

"నా ముడే సార్. అది విడలేదు," అంది సుధామణి. "ఇవాళ కూడా వినపడకపోతే మా ఊరు నాగాయలంక బస్సెక్కేస్తాను. మళ్ళీ కాలేజీ మొహం చూడను."

లెక్చరర్ రామకోటేశ్వరరావు గుండెలో రాయి పడింది. ఆ పిల్లకి హామ్ రేడియో, అంటే సొంత రేడియోతో దూరదేశాల వాళ్ళతో మాట్లాడే విద్య, నేర్పిందీ ఆయనే, ఉపగ్రహం చేద్దాం రమ్మని పిలిచిందీ ఆయనే. కాలేజీ మేడ మీద సాయంత్రం గాలి బాగానే వీస్తోంది గానీ ఆయనకి చెమటలు ఆగడం లేదు.

ఉపగ్రహం అంటే ఏమంత పెద్దది కాదు, స్వీటు డబ్బా అంత ఉంటుంది. వడ్రంగులు కొలిచే స్టీలు టేపు ముక్కే దానికి యాంటెన్నా. దాన్ని మడిచి, గేలానికి వాడే నైలాన్ దారంతో కట్టారు. పైకి వెళ్ళాక ఓ తీగ వేడెక్కి ఆ దారాన్ని కరిగించాలి. టేపు టక్కున విచ్చుకోవాలి. అప్పుడే సిగ్నల్ కిందికి వస్తుంది. ఆ ముడి వేసింది సుధామణి. చేపల వేటకెళ్ళే తండ్రి కొండలయ్య దగ్గర నేర్చుకున్న ముడి. రాకెట్ ఆ డబ్బాని ఆకాశంలో వదిలి వారం దాటింది. ఇంతవరకూ కిక్కురుమనలేదు.

"ముడే అని ఎందుకనుకోవాలమ్మా? ఇంకేదైనా అయ్యుండొచ్చు."

"మా నాన్న ముడి సార్ అది. చేప గుంజేకొద్దీ బిగుసుకుంటది. దారం ఓ చోట కరిగినా పట్టు వదలదు. అలాంటిది తీసుకెళ్ళి, విడిపోవాల్సిన చోట వేశాను. బుద్ధుందా నాకు?"

"సార్, టైమైంది. వచ్చేస్తది," అన్నాడు ఆమె క్లాస్‌మేట్ చక్రి, చేతిలోని యాంటెన్నాని దక్షిణంగా అవనిగడ్డ వైపు ఎత్తి పట్టుకుని. ఉపగ్రహం దక్షిణాన పైకి లేచి, నెత్తి మీదుగా ఉత్తరాన దిగిపోయేదాకానే వినడానికి వీలు. సుధామణి హెడ్‌ఫోన్ పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"మీరు వింటూ ఉండండి. మంచినీళ్ళు తాగొస్తాను," అని ఆయన మెట్ల గదిలోకి వెళ్ళాడు.

అక్కడ ఆయన సంచి ఉంది. అందులో రెండో డబ్బా ఉంది. ఉపగ్రహాలు చేసేవాళ్ళు జంటగా చేస్తారు. ఒకటి పైకి వెళుతుంది, అచ్చం అలాంటిదే ఇంకొకటి పరీక్షల కోసం ల్యాబ్‌లో ఉంటుంది. దాన్ని పొద్దున ఎవరి కంటా పడకుండా పట్టుకొచ్చానని ఆయన ధీమా.

గాల్లో, అంటే రేడియోలో, అబద్ధం ఆడకూడదు. ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజే ఆయన చెప్పే మాట అది. చెప్పేవాడికి నీతులెప్పుడూ చులకనే. ఈ ఒక్క సాయంత్రం గడిస్తే పిల్ల బస్సెక్కదు, తర్వాత సంగతి తర్వాత చూసుకోవచ్చు. సంచిలో చెయ్యి పెట్టి స్విచ్ నొక్కాడు.

మేడ మీంచి కేక వినపడింది. "వచ్చింది సార్! వచ్చింది!"

ఆయన వెళ్ళేసరికి సుధామణి రెండు చేతులతో హెడ్‌ఫోన్ అదిమి పట్టుకుని ఏడుస్తోంది. చక్రి గంతులేస్తూనే యాంటెన్నాని తిప్పుతున్నాడు.

"వినండి సార్," అని హెడ్‌ఫోన్ తీయబోయింది.

"వద్దు వద్దు, నువ్వే వినమ్మా," అన్నాడు. తను చేసిన మోసాన్ని తన చెవులతో వినే ధైర్యం ఆయనకి లేదు.

ఉపగ్రహం ఉత్తరాన దిగిపోయే వేళ కాగానే ఆమె ఫోన్ అందుకుంది. "నాన్నా, మన ముడి విడింది!" అవతల కొండలయ్య ఊరంతటినీ పిలుస్తున్నాడు. ఫోన్ పెట్టేసి సుధామణి రామకోటేశ్వరరావు వైపు తిరిగింది.

"హామ్‌ల గ్రూపులో కూడా పెట్టేశాను సార్. జపాన్ వాళ్ళూ జర్మనీ వాళ్ళూ కూడా వింటారు."

"అప్పుడే పెట్టేశావా?"

ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు. వాళ్ళకేం వినపడుతుంది? ఏమీ వినపడదు. అబద్ధాలకోరన్న పేరు ఈ పిల్లకి వస్తుంది. ఇక ఓర్చుకోలేక చక్రిని టీలకి పంపించాడు.

"ఆ మెసేజ్ తీసెయ్యి సుధా. నువ్వు విన్నది ఉపగ్రహం కాదమ్మా. నా సంచిలో ఉన్న రెండో డబ్బా. స్విచ్ వేసింది నేనే. నువ్వు వెళ్ళిపోతావేమోనని..."

సుధామణి కోప్పడలేదు. కళ్ళు తుడుచుకుని, తన బ్యాగులోంచి ఏదో తీసి ఆయన అరచేతిలో పెట్టింది.

"పొద్దున మీ సంచిలో ఆ డబ్బా చూడగానే, దాని బ్యాటరీ పీకేశాను సార్."