ఇక్కడ నవ్వుతారు

ఒకటో నంబరు సీట్లో కూర్చున్న పెద్దాయన్ని చూడగానే టూరిస్టు బస్సు గైడు అమ్మాయికి గుండె గుభేలుమంది.

ఆయన కిటికీలోంచి ఊరు చూడటం లేదు. డ్రైవరు కాళ్ల వంక చూస్తున్నాడు. మలుపు వచ్చినప్పుడల్లా తన కుడికాలు నేలకేసి నొక్కుతున్నాడు. ఇందాక ఎక్కేముందు వెనక టైరుని చెప్పుకాలితో రెండుసార్లు తన్ని మరీ ఎక్కాడు. ఊరు చూడటానికొచ్చినవాడు ఎక్కడైనా టైర్లు తన్నుతాడా?

మేనేజరు వారం కిందటే చెప్పాడు. "ఈ నెల్లో హెడ్డాఫీసు నుంచి ఒకాయన వస్తాడమ్మా. టికెట్ కొనుక్కుని మామూలు మనిషిలా అందరిలో కూర్చుంటాడు. నీమీద ఇప్పటికే రెండు కంప్లైంట్లున్నాయి. మూడోది వచ్చిందా, ఇక నేనేం చేయలేను."

రెండూ నిజమే. మొదటి వారం మ్యూజియంలో ఒక ముసలావిణ్ణి మర్చిపోయి బస్సు కదిలించేసింది. రెండో వారం, నలుగురు భార్యలున్న రాజుగారికి మైకులో నోరుజారి నలభైమందిని అంటగట్టింది. ఈ ఉద్యోగం కోసం ఏడాదిపాటు చెప్పులరిగేలా తిరిగింది పిల్ల. మూడు నెలలన్నా నిండకుండా ఊడితే అమ్మ ముందు తలెత్తుకోలేదు.

ఆమెకున్న ధైర్యమల్లా చేతిలోని నోటుబుక్కు. పాత గైడక్క వెళ్తూ వెళ్తూ ఇచ్చింది. ఎక్కడ ఏం చెప్పాలో నీలం సిరాతో ఉంటుంది. జనం ఎక్కడ నవ్వుతారో ఎర్ర సిరాతో ఉంటుంది.

"మ్యూజియం దగ్గర నలభై నిమిషాలు ఆగుతామండీ" అంది మైకులో.

"నలభై అంటారు, యాభై అవుతుంది" అన్నాడు పెద్దాయన పక్కనున్న భార్యతో, అందరికీ వినపడేలా.

యాభై రెండయింది.

లోపల తిమింగలం ఎముకల గూడు ముందు ఆయన కదలకుండా నిలబడిపోయాడు. "ఇంత పెద్దదా!" అన్నాడు.

"ఆ నోరు మూయండి, ఈగలు దూరతాయి" అంది ఆవిడ.

ఎంత బాగా నటిస్తున్నాడో అనుకుంది గైడు.

చెరువు దగ్గర బస్సు బయల్దేరబోతుంటే ఆయన సీట్లోంచి లేచి, వేలు ఆడిస్తూ తలలు లెక్కపెట్టాడు. "ఇద్దరు తక్కువమ్మా."

నిజమే. కొత్తగా పెళ్లయిన జంట ఒకటి ఇంకా పడవలోనే ఫోటోలు దిగుతోంది. ఆయన చెప్పకపోతే మూడో కంప్లైంట్ అక్కడే పడేది. గైడు పీలగొంతుతో థాంక్స్ చెప్పింది.

"దానికేముందిలే. అలవాటు" అన్నాడాయన.

అలవాటట! ఇక అనుమానమే లేదు.

చివరిది గడియారపు బురుజు. రెండొందల పన్నెండు మెట్లు. కుర్రాళ్లే మధ్యలో కూలబడుతుంటే, ఆయన మోకాళ్లు పట్టుకుని అందరికంటే ముందు ఎక్కుతున్నాడు.

"నొప్పులని మంచం దిగని మనిషి! మెల్లగా ఎక్కండి, బురుజునెవరూ ఎత్తుకుపోరు" అని కింది నుంచి కేకేసింది భార్య.

"నువ్వుండవే. దిగేవాళ్లంతా ఎందుకలా నవ్వుకుంటూ దిగుతారో నేను చూడాలి."

పైన గాలి హోరున వీస్తోంది. గైడు నోటుబుక్కు తెరిచింది. ఎర్ర సిరాతో, కింద రెండు గీతలతో ఉంది: 'ఇక్కడ నవ్వుతారు. తప్పకుండా.'

అక్కడ చెప్పాల్సింది సొంత కంపెనీ మనిషి మీద జోకు. అదీ హెడ్డాఫీసాయన ముందు! కానీ నలభై ముఖాలు ఆమెకేసే చూస్తున్నాయి. నోరు విప్పని గైడు మీద కూడా కంప్లైంట్ రాస్తారు. ఏదయితే అదయిందని మొదలుపెట్టింది.

"కిందికి చూడండి. చెట్టు నీడన ఆ ఎర్ర బస్సు మనదే. ఇప్పుడున్న డ్రైవరు గారు కొత్త, హాయిగా నిద్రపోతున్నారు. పోయిన నెల్లో, నేను చేరకముందే రిటైరైన డ్రైవరు గారు అలాక్కాదు. డ్రైవరు బస్సు వదిలి రాకూడదని రూలు కదా. గైడు జనాన్ని తీసుకుని పైకెక్కగానే, ఆయన మా గైడ్లు ఊపే జెండాల్లో స్పేర్‌ది ఒకటి ఎడమచేత్తో పట్టుకుని, ఖాళీ బస్సు ముందు నిలబడి, మైకులో విన్నదంతా దానికి అప్పజెప్పేవారట. కుడివైపు చూడండి, ఎడమవైపు చూడండి అని! పైనుంచి ఎవరూ చూడటం లేదనుకునేవారు. మనవాళ్లు దిగేసరికి జెండా దాచేసి, ఏమీ ఎరగనట్టు తలుపు తీసి నిలబడేవారు. అందరూ తనని చూసి నవ్వుతుంటే, ఒక్కొక్కరికీ ఎంతో మర్యాదగా నమస్కారం పెట్టేవారట!"

చెబుతూ చెబుతూ, ఎడమచేత్తో జెండా ఊపి అభినయించి చూపించింది. జనం పొట్టలు పట్టుకున్నారు. పెద్దాయన భార్య అయితే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, గోడకానుకుని కూర్చుండిపోయింది.

ఆయనొక్కడే నవ్వలేదు. చెవులు ఎర్రబడ్డాయి. రెయిలింగు పట్టుకుని కింద బస్సు వంకే చాలాసేపు చూస్తూ నిలబడ్డాడు.

అయిపోయింది నా పని అనుకుంది గైడు. మెట్లు దిగుతుంటే ఏడుపొచ్చింది.

బస్సు బయల్దేరిన చోటికే తిరిగొచ్చింది. అందరూ దిగాక ఆయన ఆగాడు.

"అమ్మాయ్, స్టీరింగు పక్క అరలో కంప్లైంట్ బుక్కు ఉంటుంది. ఇలా తే."

అదెక్కడుంటుందో కూడా తెలుసు! ఆమె తెచ్చిచ్చింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని తీరిగ్గా రాశాడు. పుస్తకం మూసి ఇచ్చాడు. దిగి, బస్సు పక్కన రేకు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, భార్య చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు.

వాళ్లు సందు మలుపు తిరిగేదాకా ఆగి పుస్తకం తెరిచింది.

'ఊరు చాలా బాగుంది, అమ్మాయి ఇంకా బాగా చెప్పింది, కాకపోతే ఒక్క సవరణ: నేను జెండా పట్టుకునేది ఎడమచేత్తో కాదు, కుడిచేత్తో.'