నిలబడితే పెరిగే చప్పుడు

"చొక్కా విప్పి నిలబడరా" అంది డాక్టర్ ఫౌస్టా.

విల్కిన్ నిలబడ్డాడు. ఆవిడ స్టెతస్కోప్ ఆనించి కళ్ళు మూసుకుంది. పడుకున్నప్పుడు సన్నగా ఉన్న బుస, నిలబడేసరికి పెరిగింది. ఆటలాడే పిల్లల గుండెల్లో చిన్నాచితకా చప్పుళ్ళు మామూలే. అవి నిలబడితే తగ్గుతాయి. ఇది పెరుగుతోంది. ఆవిడ భయమల్లా అదే.

"ఆడుతూ ఆడుతూ పడిపోతావురా నాయనా. స్కాన్ అయ్యేదాకా బంతి ముట్టుకోకు."

ఆ వాడలో ప్రతి ఇంటి కుర్రాడూ బేస్‌బాల్ క్లబ్బువాళ్ళ కంట పడాలనే చూస్తాడు. విల్కిన్ పడ్డాడు. పదహారు నిండాయి, వచ్చే వారమే ఒప్పందం మీద సంతకం. వాడ డాక్టరు సరేననాలి, రాజధానిలో తీసిన గుండె స్కాన్ బాగుండాలి. క్లబ్బు అడిగింది ఆ రెండే.

గుర్తింపుకి జనన పత్రం ఒక్కటే పట్టుకుని విల్కిన్ రాజధాని సాంతో దొమింగోకి బస్సెక్కాడు. ఫౌస్టా కొడుకు జోయెల్ తోడు వెళ్ళాడు. ఇద్దరూ ఒక కంచంలో తిని ఒక మంచంలో పడుకున్నవాళ్ళు.

స్కాన్ వచ్చింది. గుండె గోడలు, వాల్వులు, అన్నీ భేషుగ్గా ఉన్నాయి. అయినా ఫౌస్టా క్లబ్బుకి సరేనని రాసివ్వలేదు.

మర్నాడే విల్కిన్ తల్లి నెరెయిదా, చేపలు వేయించే గరిటె చేత్తోనే దవాఖానాకి వచ్చింది. రోగులందరూ వింటుండగానే అందుకుంది.

"చెవిలో గుబిలి తీయించుకో వదినా. నీవాడికి బంతి విసరడం చేతకాలేదని నావాడి నోట మట్టి కొడతావా?"

"ఇంకోసారి స్కాన్ తీయిద్దాం నెరెయిదా. నేనే తీసుకెళ్తా."

"చాల్లే. జ్ఞానస్నానంనాడు జ్ఞానతల్లివై వాణ్ణి ఎత్తుకున్న చేతులే కదా ఇవి? ఆ చేతుల్తోనే వెన్నుపోటు పొడిచావు."

వాడంతా ఫౌస్టాతో మాట మానేసింది. పురుడు పోసిన ఇళ్ళవాళ్ళే ఆవిణ్ణి చూసి తలుపులు వేసుకున్నారు.

ఇంట్లో జోయెల్ కూడా మొహం చూడటం లేదు.

"వీధిలో తలెత్తుకోలేకపోతున్నానమ్మా. నువ్వు చెవితో విన్నావు, మిషను లోపల చూసింది. దేన్ని నమ్మాలి?"

కొడుకు కూడా అంతమాట అనేసరికి ఆవిడకి తన చెవి మీదే అనుమానం పుట్టింది. వయసు మీదపడింది, పొరపాటు పడ్డానేమో. మిషనుకి అసూయలుండవు కదా. విల్కిన్ ఆడొచ్చని క్లబ్బుకి రాసి ఇచ్చేసింది.

సంతకం రోజు వీధంతా డప్పులు, రమ్ము, వేయించిన చేపలు. విల్కిన్ వచ్చి జోయెల్‌ని వాటేసుకుని ఏడ్చాడు. ఫౌస్టాని మాత్రం రమ్మన్నవాళ్ళు లేరు.

విల్కిన్ క్లబ్బు మైదానానికి వెళ్ళిన పొద్దున ఆవిడకి కాఫీ కూడా సహించలేదు. చెవిలో ఆ బుస అలాగే ఉంది. ఉండబట్టలేక స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేసింది.

"బాబూ, విల్కిన్ అనే కుర్రాడి గుండె స్కాన్ తీశావు, గుర్తుందా? సరిగ్గా పడుకోబెట్టే తీశావా?"

టెక్నీషియన్ నవ్వాడు.

"మర్చిపోతానా డాక్టరమ్మా, చల్లటి జెల్ రాస్తుంటే గిలిగింతలు పెట్టినట్టు నవ్వి, 'మా అమ్మ డాక్టరే, ఊరందరి గుండెలూ వింటుంది గానీ నాది ఎప్పుడూ వినలేదు' అన్నాడు."