వంటింటికే వెళ్లే బంతి

మేస్త్రీ పెరటి నిండా ప్లాస్టిక్ గడ్డి పరిచి, మధ్యలో చిన్న గుంట పెట్టి, "ఇక ఆడుకోండి సార్" అంటూ గోల్ఫ్ కర్ర అందించాడు.

ఇంటాయన సుతారంగా కొట్టాడు. బంతి గుంట అంచు దాకా బుద్ధిగా వెళ్లి, మనసు మార్చుకుని వంటింటి గడప దగ్గరికి దొర్లిపోయింది. తెచ్చుకుని మళ్లీ కొట్టాడు. మళ్లీ అక్కడికే.

"ఏమయ్యా, ఎటు కొట్టినా పుట్టింటికి పోయినట్టు అటే పోతుందేం?"

"కొత్త గడ్డి కదా సార్, అలవాటు పడాలి," అన్నాడు మేస్త్రీ నేలచూపులు చూస్తూ.

మూడోసారి బంతి కోసం వెళ్లిన ఇంటాయన పావుగంటకు గానీ తిరిగి రాలేదు. వచ్చాక చూస్తే కళ్లు ఎర్రగా ఉన్నాయి, ముక్కు ఎగబీలుస్తున్నాడు. మేస్త్రీ మనసు చివుక్కుమంది. గబగబా వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, సార్ ఏడుస్తున్నారు. మీరు చెప్పి గడ్డి కింద పెట్టించిన వాలు తీసేస్తానమ్మా, ఈ పాపం నాకొద్దు."

"ఏడుపెక్కడిది బాబూ, అవి ఉల్లిపాయలు," అంది ఇంటావిడ, ఆయన తరిగిన ముక్కల పళ్లెం చూపిస్తూ. "ముప్పై ఏళ్లుగా వంటింటి మొహం చూడని మనిషి. తీయకు, ఇంకో అంగుళం పెంచు. బంతి గడప దగ్గరే ఆగిపోతోంది. పొయ్యి దాకా రావాలి."