అత్తకో మెత్త

"అత్త మీద నెమలి కుట్టాల్నా?" రఘుపతి అదిరిపడ్డాడు.

"అత్త కాదయ్యా, మెత్త! మెత్త!" భార్య విజయశ్రీ గొంతు చించుకుంది. "మెత్త మీద నెమలా, మామిడి పిందెనా? జల్ది చెప్పు."

రోజంతా సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో నిలబడే మనిషికి ఇంట్లో సగం మాటలే వినబడతాయి. మిగతా సగం ఆయనే నేసుకుంటాడు. సూరత్‌లోని ఈ డిండోలిలో అందరికీ తెలిసిన సంగతే. డిండోలిలో దిండు కోసం గొడవ రావడం మాత్రం ఇదే మొదలు.

గొడవకు మూలం అసలు అత్తే. ఊరికి ఆ చివర అమ్రోలిలో కొడుకు దగ్గరుండే కనకవ్వ ఒకప్పుడు చేమగ్గం నేసిన మనిషి. "మగ్గం నేసినోడు నేతగాడు. సాంచా బటన్ ఒత్తినోడు వాచ్‌మన్" అని పోయినసారి నలుగురిలో అనేసింది. ఆ మాట అల్లుడికి సూదిలా గుచ్చుకుంది. సూదితోనే జవాబు చెప్పాలనుకున్నాడు. తన చేత్తో మెత్త కుట్టి, అత్త నోటితోనే నేతగాడు అనిపించుకోవాలి!

"నెమలే," అన్నాడు ఛాతీ విరిచి. "నా సాంచా మీద దిగే చీరల నిండ నెమళ్లే. నెమలి నాకు చుట్టం."

"చుట్టమే గని కుట్టుడు కష్టం. పిందె అయితే అల్కగ అయితది."

"పిందెలు పిల్లలకు. నాకు నెమలే!"

"నీ ఇష్టం. మెత్త గలీబు కుట్టినంక లోపటిది బయటికి తిప్పుడు మర్చిపోకు."

"నాకే నేర్పుతున్నవా?"

రెండు బట్టల నడుమ పల్చగా దూది పరిచి, బొంతకుట్టుతో బిగిస్తూ, రంగు దారాలతో నెమలిని దించాడు. పూర్తయ్యేదాకా ఎవరి కంటా పడకుండా తువ్వాల కప్పుకొని మరీ కుట్టాడు. సూది పని తక్కువ, సోది ఎక్కువ. చివరికి వెనక ఇంకో బట్ట పెట్టి, మూడు దిక్కులా కుట్టి, గలీబు తిప్పి, దూది కూరి, నాలుగో దిక్కు మూసేశాడు.

ఆదివారం పొద్దున కొత్త టీషర్టు తొడుక్కొని అత్తకు ఎదురెళ్లాడు. ఫోన్ పెట్టుకుందామంటే జేబు దొరకలేదు. జేబుల్లేని ఫ్యాషన్ కాబోలు అనుకున్నాడు. గల్లీలో ఎదురైన ప్రతివాళ్లూ ఆయన్ను చూసి నవ్వారు. మెత్త పేరు అప్పుడే పాకిపోయిందని మురిసిపోయాడు.

కనకవ్వ వచ్చి మంచం మీద కూర్చుంది. రఘుపతి తువ్వాల తీసి మెత్తను ఆమె ముందుంచాడు.



"పప్పా, యే క్యా హై?" కూతురు సింధూజ ముందుకు వంగింది. "మెట్రో మ్యాపా?"

"నాకైతే పిల్లి ఆడుకున్న దారపుండ లెక్క కొడ్తుంది," విజయశ్రీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నెమలి! కనవడ్తలేదా? గిది మెడ, గిది ముక్కు, గిదంత పించెం!" రఘుపతి వేలు పెట్టి చూపించాడు.

"పించెం కొంచెం గూడ కనవడ్తలేదు పప్పా."

కనకవ్వ కళ్లద్దాలు సర్దుకొని మెత్తను అటూ ఇటూ తిప్పింది. "అల్లుడా, నిన్ను వాచ్‌మన్ అన్నది తప్పే. వాచ్‌మనన్న సక్కగ చూస్తడు."

రఘుపతి మొహంలో రంగంతా దిగిపోయింది. సరిగ్గా అప్పుడే పక్కింటి పరుశురాం గుమ్మంలోంచి తొంగి చూశాడు.

"అబ్బ! నెమలి ఏమున్నదన్నా! పించెం ఇప్పి ఆడుతున్నట్టే ఉన్నది!"

కనకవ్వ అతన్ని ఎగాదిగా చూసింది. "నువ్వేం పని చేస్తవ్ బిడ్డా?"

"అన్న పక్క సాంచానే అవ్వా."

కనకవ్వ తలాడించింది. "విజయా, కత్తెర తే."

"అత్తమ్మా! కోపముంటే నన్ను కొయ్యి, మెత్తను కొయ్యకు!"

ఆమె వినలేదు. ఒక దిక్కు కుట్టు విప్పి, దూదంతా లాగేసి, గలీబును లోపలిది బయటికి తిప్పింది. నీలి మెడ, పచ్చటి పించం, ముక్కుకు అంటుకున్న ఇంత దూదితో నిండు నెమలి బయటికొచ్చింది. సింధూజ ఈల వేసింది. ఊరి పేరే సూరత్, అంటే హిందీలో మొహం. అయినా మహానుభావుడు నెమలి సూరత్‌ను లోపల పెట్టి కుట్టేశాడు!

"గిదెట్ల అయిందే అవ్వా?" అంది విజయశ్రీ.

"సాంచా మీద చీర ఉల్టా దిగుతది. నా కొడుకు సాంచా కాడ చూసిన. పువ్వు మొకం కిందికి, చిక్కు దారాలు మీదికి. వీళ్లు దినామ్ చూసేది గా ఉల్టానే. అందుకే చిక్కులనే మొకం అనుకొని, అసలు మొకం బయటికి పెట్టి కుట్టి మల్ల తిప్పిండు, నెమలి లోపటికి పోయింది. మనకు చిక్కులే కనవడ్డయ్, వీళ్లిద్దరికి గా చిక్కులల్లనే నెమలి కనవడ్డది."

రఘుపతి తల దించుకున్నాడు. "ఇగ వాచ్‌మన్ అనే పిలువు అత్తమ్మా."

"ఎందుకంట? గీ తప్పు చెయ్యాలంటే ఏండ్లకేండ్లు బట్ట ముంగట నిలవడాలె. ఊకె కావలి ఉన్నోనితోని కాదు." కనకవ్వ నెమలి మీద చెయ్యేసి నిమిరింది. "నువ్వు నేతగానివే అల్లుడా. ఒప్పుకుంటున్న."

ఈసారి రఘుపతి చెవులు ఒక్క అక్షరం కూడా జారవిడవలేదు. తల లేచింది, మీసం మెలి తిరిగింది.

"అత్తమ్మా, జర గట్టిగ అను! గల్లీ అంతటికి తెల్వాలె!"

"గల్లీకి పొద్దుగాల్నే తెలిసింది," అంది కనకవ్వ. "నీ టీషర్టు గూడ ఉల్టానే ఉన్నది."